తొలికోత బుట్ట

సంహిత వీధి తలుపు తీసేసరికి గుమ్మం ముందు హర్ష నిలబడి ఉన్నాడు. భుజాన వెదురు బుట్ట, బుట్ట మీద తువ్వాలు. కాళ్ళకు చెప్పులు లేవు.

"మీరేంటండీ ఇంత పొద్దున్నే?"

హర్ష జవాబు చెప్పలేదు. నవ్వి, కాస్త వంగి బుట్ట చూపించాడు.

ఆమె తువ్వాలు అంచు ఎత్తి చూసింది. బంగినపల్లి కాయలు, తొడిమలతో కోసినవి.

"ఎవరికివి?"

అతను గడ్డంతో ఇంటిలోపలికి చూపించాడు.

"మాకా? ఎందుకు?"

మళ్ళీ నవ్వే.

"హర్ష గారూ, రేపు మీ లోడు క్వాలిటీ చెక్ నా చేతిలో ఉంది. ఆ సంగతి మీకు తెలుసు. ఇవాళ మా ఇంటికి కాయలు మోసుకొచ్చారు. చూసేవాళ్ళు ఏమనుకుంటారండీ?"

హర్ష నవ్వు ఆపేశాడు. బుట్టను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వీధి చివర కనిపిస్తున్న గోపురం వైపు చూపించాడు.

"దేవుణ్ణి మధ్యలోకి లాగకండి. ఒట్లూ గిట్లూ నా దగ్గర పనిచేయవు."

అతను కాదన్నట్టు తల ఊపాడు. గోపురం చూపించాడు, బుట్ట చూపించాడు, ఇల్లు చూపించాడు. నోరు తెరవబోయి గట్టిగా మూసుకున్నాడు.

"మాట్లాడరేం? ఫ్యాక్టరీకి వస్తే మీ నోరు మూతపడదు కదా! వాచ్‌మన్‌తో మొదలుపెట్టి బళ్ళు తూచే వేబ్రిడ్జి దాకా అందరినీ నవ్విస్తారు. ఇప్పుడేమైంది? చెప్పుకోవడానికి ఏమీ లేదన్నమాట."

హర్ష ఒక అడుగు ముందుకేసి బుట్టను ఆమె చేతుల్లో పెట్టబోయాడు. సంహిత చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మా కంపెనీలో గిఫ్ట్ పాలసీ ఉంది. సరుకు అమ్మే వెండర్ దగ్గర అగ్గిపెట్టె కూడా పుచ్చుకోకూడదు. తీసుకెళ్ళండి."

తలుపు వేసేసింది.

పర్ణిక ఫుడ్స్‌లో ఆమెది లీడర్‌షిప్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్. ఎంబీఏ అయినవాళ్ళను ఏరి, రెండేళ్ళపాటు అర్నెల్లకో శాఖలో తిప్పుతారు. సంహిత పుణెలో సేల్స్ చూసింది, హైదరాబాదులో అకౌంట్స్, చెన్నైలో హెచ్.ఆర్. ఆఖరి రొటేషన్ కొనుగోళ్ళలో. దానికి నూజివీడు దగ్గరి ఫ్యాక్టరీకి వేశారు. ఫైనల్ రివ్యూలో నెగ్గితే ముంబై హెడ్డాఫీసులో మేనేజర్ కుర్చీ. నెగ్గకపోతే ఆ కుర్చీ బ్యాచ్‌లో ఇంకొకరికి పోతుంది.

నూజివీడు ఆమెకు సొంత ఊరు. తండ్రి వెంకటాచలపతి వేంకటేశ్వరస్వామి గుడిలో అర్చకులు. ఊళ్ళో మామిడి వ్యాపారులందరికీ ఆయన తెలుసు. "తెలిసినవాళ్ళు ఎక్కువ, జాగ్రత్త" అని చెన్నైలో బయల్దేరేటప్పుడే ఆఫీసువాళ్ళు చెప్పారు. సంహిత జాగ్రత్తగానే ఉంది. ఒక్క హర్ష దగ్గర కుదరలేదు.

హర్ష నారాయణరావు గారబ్బాయి. ఊళ్ళోని టెక్నాలజీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివి, తండ్రితోపాటు మామిడి వ్యాపారంలో దిగాడు. చాట్రాయి వైపు వాళ్ళకు తోటలున్నాయి. పూత చూడటానికి ఫిబ్రవరిలో సంహిత అక్కడికి వెళ్ళింది.

"మీ కంపెనీలో అర్నెల్లకోసారి మనుషుల్ని పీకి వేరేచోట నాటుతారటగా," అన్నాడు హర్ష. "చెట్లనైతే అలా చేస్తే కాపు రాదండీ."

"చెట్లకు ప్రమోషన్లు ఉండవు కాబట్టి."

"ఎందుకుండవు? అంటు కడితే ప్రమోషనే."

"మీ చెట్టు ఫీడ్‌బ్యాక్ ఇస్తుందా?"

"ఇస్తుంది. ఎర్రచీమల రూపంలో. మీ కాలి దగ్గర చూసుకోండి."

సంహిత గెంతిన గెంతుకు ఫైలు ఒకవైపు, చెప్పు ఒకవైపు పడ్డాయి. హర్ష రెండూ ఏరి తెచ్చి ఇచ్చాడు. నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి అతను పడుతున్న అవస్థ చూసి ఆమెకే నవ్వొచ్చింది. అప్పటినుంచి, అతను ఫ్యాక్టరీకి వచ్చే రోజున సంహిత కళ్ళజోడు ఇంట్లో వదిలి లెన్సులు పెట్టుకునేది.

అందుకే తలుపు వేసింది. ఇంకో వ్యాపారి అయితే "వద్దండీ" అని నవ్వి పంపేదేమో. వచ్చినవాడు హర్ష. తన మనసు సంగతి తనకు తెలుసు, అది కంపెనీకి తెలియకూడదు. హాల్లో కూర్చుని ఫోన్లో, లంచాల ఫిర్యాదుల కోసం కంపెనీ పెట్టిన ఇంటెగ్రిటీ పోర్టల్ తెరిచింది. రేపు నాణ్యత పరీక్ష ఉన్న వెండర్ ఇవాళ ఇంటికి కాయల బుట్ట తెచ్చాడని, కారణం అడిగితే చెప్పలేదని రాసింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. పంపింది.

అరగంటకు తల్లి హైమవతి గుడినుంచి వచ్చింది.

"బుట్ట లోపల పెట్టావుటే?"

"ఏ బుట్ట?"

"అదేమిటే! నారాయణరావు గారి తొలికోత. హర్ష బయల్దేరాడని వాళ్ళమ్మ పద్మ నాకు ఎప్పుడో ఫోన్ చేసిందిగా. నాన్నగారు రాత్రే గదిలో గడ్డి పరిపించారు."

సంహిత ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"తొలికోత అంటే?"

"ఏడాదికి మొదట కోసిన కాయ స్వామిది. మనింటికి తెస్తారు. గడ్డిలో మాగేసి, పండాక నైవేద్యం పెడతాం. మీ తాతగారి నాటినుంచీ ఉన్నదే. ఏం, నీకు తెలీదుటే?"

"ఏప్రిల్లో నేనెప్పుడున్నానమ్మా ఇక్కడ?"

నిజమే. ఆరో తరగతి నుంచి ఆమె హాస్టళ్ళలో చదివింది. ఏప్రిల్ అంటే పరీక్షలు, ఆ తర్వాత ఎంట్రన్సులు. సెలవులకు వచ్చేసరికి ఇంట్లో పండ్లు ఉండేవి. తినేది. ఎక్కడివని అడగలేదు.

"అతను మాట్లాడలేదమ్మా. ఎంత అడిగినా నోరు విప్పలేదు."

"ఎలా విప్పుతాడే? అది వాళ్ళింటి ఆనవాయితీ. కాయ కోసిన దగ్గర్నుంచి, మనం బుట్ట అందుకునేదాకా మోసేవాడు మౌనంగా ఉండాలి. అందుకుని నీళ్ళిస్తే అప్పుడు మాట్లాడతాడు." హైమవతి కూతురి మొహం చూసింది. "ఏం చేశావే?"

సంహిత చెప్పింది. తలుపు వేసిన సంగతి చెప్పింది. పోర్టల్ సంగతి చెప్పడానికి ఇంకాస్త సేపు పట్టింది.

హైమవతి కేకలు వేయలేదు. కుర్చీలో కూర్చుని, "నాన్నగారికి నువ్వే చెప్పు. నావల్ల కాదు," అంది.

ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ మేనేజర్ ఆనంద్ బాబు మొత్తం విని, కంప్యూటర్ తెర ఆమెవైపు తిప్పాడు.

"ఫిర్యాదు చేయడానికి బటనుంది. వెనక్కి తీసుకోవడానికి లేదమ్మా. చూడు, వెండర్ కోడ్ దానంతటదే బ్లాక్ అయిపోయింది. ఎంక్వైరీ అయ్యేదాకా వాళ్ళ లోడు గేటు దాటదు."

"నాదే పొరపాటని రాసిస్తాను సర్."

"రాస్తే తప్పుడు ఫిర్యాదని నీ ఫైల్లో పడుతుంది. శుక్రవారం నీ ఫైనల్ రివ్యూ. ఇవాళ మంగళవారం." ఆయన గొంతు తగ్గించాడు. "నా మాట విను. శుక్రవారం దాటనీ. తర్వాత సాక్ష్యం లేదని వాళ్ళే మూసేస్తారు. వాళ్ళ కోడ్ తెరుచుకుంటుంది, నీ ముంబై నీకుంటుంది. ఎవరికీ నష్టం లేదు."

సంహిత తల ఊపింది. ఊపానని ఆమెకు తెలిసింది కూడా. అయినా వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తుండగా, మర్నాటి చెక్ కోసం లోడు తెచ్చిన నారాయణరావు గారి ట్రాక్టరును గేటు దగ్గర ఆపారు. వెనక వరసలో మిగతా వ్యాపారుల బళ్ళు ఉన్నాయి. గార్డు ఏదో చెప్పాడు. హర్ష దిగి మాట్లాడాడు. వరసలో వాళ్ళూ దిగి దగ్గరికొచ్చారు. చివరికి, ట్రాక్టరు వెనక్కి తిరగడానికి దారి కావాలి కాబట్టి, వాళ్ళంతా తమ బళ్ళను ఒక్కొక్కటిగా వెనక్కి తీశారు. అదంతా అయ్యేదాకా హర్ష రోడ్డు పక్కన నిలబడ్డాడు. సంహిత కిటికీ తెర వేసుకుంది.

సాయంత్రం అతనికి ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మర్నాడు హైదరాబాదు నుంచి ప్రోగ్రామ్ హెడ్ మేఘన మెయిల్ వచ్చింది. 'సొంత ఊళ్ళో, తెలిసినవాళ్ళ విషయంలో నువ్వు చూపిన ధైర్యం బ్యాచ్‌కే ఆదర్శం. శుక్రవారం వెండర్ మీట్‌లో దీని గురించి నువ్వే మాట్లాడాలి.' బ్యాచ్ గ్రూపులో అప్పటికే చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. శశాంక్ అని, ఆ ముంబై కుర్చీకి ఆమెతో పోటీ ఉన్నవాడు, "నువ్వు గెలిచేశావు" అని విడిగా పెట్టాడు. సంహిత ఫోను బోర్లా పెట్టింది.

జరిగిందంతా సంహిత తండ్రికి ముందురోజే చెప్పేసింది. ఆ రాత్రి ఆయన గుడినుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

"నారాయణరావు గారు గుడికొచ్చారమ్మా," అన్నాడు వెంకటాచలపతి. "ఎప్పుడూ ముందుండే మనిషి. ఈవేళ వెనక స్తంభం దగ్గరే నిలబడ్డారు. శఠగోపం పట్టుకుని నేనే వెళ్ళబోతే, దణ్ణం పెట్టి బయటికి వెళ్ళిపోయారు."

"నాన్నా..."

"నిన్ను అనడం లేదు. చూసింది చెప్పాను." ఆయన మజ్జిగ కలుపుకున్నాడు.

సంహిత కంచంలో చేయి కడుక్కుంది.

గురువారం ఆఫీసు అవగానే ఆటో ఎక్కి, మార్కెట్ వెనక ఉన్న నారాయణరావు గారి షెడ్డుకు వెళ్ళింది. దిగేసరికి గాలి లేచింది, చినుకులు మొదలయ్యాయి. లోపల హర్ష, తోటమనిషి యలమంద కాయల మీద పట్టాలు కప్పుతున్నారు.

"రండి మేడమ్," అన్నాడు హర్ష.

జనవరినుంచీ అతను ఆమెను మేడమ్ అనలేదు.

"ఫోన్ చేశాను."

"చూశానండి. వెండర్లు ఆఫీసర్లతో ఫోన్లో మాట్లాడొచ్చో లేదో తెలియక ఎత్తలేదు. దానికీ ఏదో పాలసీ ఉంటుంది కదా."

"నాకు తెలియలేదు హర్ష గారూ. అమ్మ చెప్పేదాకా..."

"తెలియదని నాకూ అర్థమైంది. మీరు ఒట్ల గురించి మాట్లాడుతుంటే నవ్వాపుకోలేక చచ్చాను. ఇంటికెళ్ళి, బుట్ట పూజగదిలో దించి మౌనం వదిలాక చెబితే మా అమ్మా నవ్వింది. సాయంత్రం హైమవతి గారు అందుకుంటారులే అంది." అతను పట్టా అంచు లాగి కట్టాడు. "తర్వాత గేటు దగ్గర ఆపారు. అప్పుడు నవ్వు రాలేదు."

"బుట్ట..."

"నాన్న మళ్ళీ పంపనివ్వలేదు. లంచమన్న కాయ స్వామికెలా పెడతాం అన్నారు."

రేకుల మీద వాన పెద్దదైంది. యలమంద షెడ్డు రెండో చివరకు వెళ్ళి అక్కడ పని వెతుక్కున్నాడు.

"ఏటా యలమందే మోస్తాడండీ," అన్నాడు హర్ష. "ఈ ఏడు నేను మోస్తానని ఇంట్లో పట్టుబట్టాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఈ ఏడు మీరు ఊళ్ళో ఉన్నారు. దారంతా తలుపు మీరే తీయాలని దణ్ణం పెట్టుకుంటూ వచ్చాను. తీశారు. స్వామి తప్పేమీ లేదు."

సంహిత నవ్వబోయింది. ఏడుపు వచ్చింది. కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంది.

"క్షమించండి," అంది.

"నాకెందుకండీ? నేనెప్పుడో క్షమించాను. కానీ గేటు దగ్గర మార్కెట్టంతా చూసింది. ఇక్కడ వినేది నేను, ఆ చివర యలమంద. మీరిక్కడ ఎంత ఏడ్చినా మా నాన్న గుళ్ళో ముందుకు రారు." తర్వాత తనే, "వాన తగ్గేదాకా కూర్చోండి. ఆటోలు దొరకవు," అన్నాడు.

అతను తెచ్చిచ్చిన టీ తాగింది. వాన తగ్గగానే ఇంటికి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఫ్యాక్టరీ ప్యాకింగ్ షెడ్డులో కుర్చీలు వేశారు. బాపులపాడు నుంచి చాట్రాయి దాకా ఉన్న రైతులు, వ్యాపారులు వచ్చారు. నారాయణరావు, హర్ష చివరి వరసలో కూర్చున్నారు. కోడ్ బ్లాకయినా ఆహ్వానం ముందే వెళ్ళింది కాబట్టి వచ్చారు. బయట ముసురు. మేఘన పరిచయం చేసి, "మన సంహితకు ఒకసారి చప్పట్లు!" అంది. సంహిత వెనక తెర మీద ఆమె ఫొటో పడింది.

"చప్పట్లు వద్దండీ," అంది సంహిత మైకులో. "నేను వెంకటాచలపతి గారమ్మాయిని. నారాయణరావు గారి లోడు ఎందుకు ఆపారో మీలో చాలామందికి తెలుసు. హర్ష గారు నాకు లంచంగా కాయలు తెచ్చారని నేను కంపెనీకి రాశాను. ఆయన తెచ్చింది స్వామికి తొలికోత. బుట్ట అందుకునేదాకా మాట్లాడకూడదు. నేను అందుకోలేదు, అందుకని ఆయన చెప్పలేకపోయారు."

వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆనంద్ బాబు చేత్తో ఇక చాలన్నట్టు సైగ చేశాడు.

"అది తెలియక చేశాను. అరగంటలో తెలిసింది. తెలిశాక కూడా ఇన్ని రోజులు నోరు మూసుకున్నాను. మాట్లాడితే ముంబై ఉద్యోగం పోతుందని. అది మాత్రం తెలిసే చేశాను." ఆమె చివరి వరసవైపు చూసింది. "నారాయణరావు గారూ, మీరు ఏ తప్పూ చేయలేదు. మిమ్మల్ని ఇందరిలో తలవంచుకునేలా చేసింది నేను. నాకు సిగ్గుగా ఉంది. క్షమించండి."

నారాయణరావు లేచి నిలబడ్డాడు. "సరేనమ్మా, సరే. మంచినీళ్ళు తాగు," అని కూర్చున్నాడు.

మేఘన మైకు అందుకుంది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"స్టేట్‌మెంట్ అందరిముందూ ఇచ్చావు కాబట్టి, కోడ్ ఇవాళే తెరిపిస్తాను. రూల్ ప్రకారం ఒక ప్రశ్న అడగాలి, ఏమనుకోకు. ఈ వెండర్ విషయంలో నీకు పర్సనల్ ఇంట్రెస్ట్ ఏమైనా ఉందా?"

అందరూ లేదనే జవాబిచ్చే ప్రశ్న అది. మేఘన పక్కనున్న ఆనంద్ బాబు అప్పటికే 'లేదు' అని రాసుకుంటున్నాడు.

సంహిత మైకు పట్టుకుని నిలబడింది. లేదంటే అయిపోతుంది. ఫిర్యాదులో రాసిన మాటలన్నీ నిజాలే, అయినా వాటితో ఒక అబద్ధం తయారుచేసింది. ఇప్పుడు అబద్ధమే చెప్పి నిజాయితీపరురాలు అనిపించుకోవాలి.

"ఉందండి," అంది.

"ఏ రకమైనది?"

"అతనికింకా చెప్పలేదండి."

మధ్య వరసలోంచి ఒక పెద్దాయన, "ఇప్పుడు చెప్పేశావుగా అమ్మాయ్!" అన్నాడు. ఒక్కసారిగా అందరూ నవ్వారు. హర్ష తల ఎత్తలేదు. నారాయణరావు మాత్రం కొడుకు వైపు తిరిగి, వాణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"మేడమ్, ఇది మినిట్స్‌లో రాయాలా?" అన్నాడు ఆనంద్ బాబు.

"రాయండి." మేఘన సంహిత వైపు తిరిగింది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది. "వాళ్ళ కాయ ఇకనుంచి ఆనంద్ బాబు గారే చూస్తారు. సోమవారం నుంచి నువ్వు కొనుగోళ్ళలో ఉండవు. ఈ రొటేషన్ పాసైనట్టు కాదు. ప్యాకింగ్‌లో అర్నెల్లు చెయ్యి, ఇక్కడే. ముంబై గురించి మాట్లాడటానికి ఈసారికి ఏమీ లేదు."

"అర్థమైందండి."

మీటింగు అయ్యాక సంహిత అందరికీ దూరంగా, షెడ్డు చూరు కింద నిలబడింది. ఎవరి మొహమూ చూడాలని లేదు. వెనకనుంచి హర్ష వచ్చి, చేయి చాచినంత దూరంలో ఆగాడు.

"ముంబై పోయినట్టేనా?"

"పోయింది."

"బాధగా ఉందా?"

"ఉంది. రెండేళ్ళు దానికోసమే ఊళ్ళు తిరిగాను."

"అయితే నేను చెప్పాల్సింది రేపు చెబుతాను. ఇప్పుడు చెబితే, రేటు పడిపోయిన రోజు చూసి కొన్నట్టుంటుంది."

"ఇప్పుడే చెప్పండి. ఇంతమందిలో నా పరువు పోయింది. ఇంటికెళ్ళి అమ్మకూ నాన్నకూ ఏదో ఒకటి చెప్పాలి కదా."

"మీ పాలసీ?"

"సోమవారం నుంచి నేను డబ్బాలకు లేబుళ్ళు అంటిస్తాను. లేబుళ్ళకు పాలసీ లేదు."

హర్ష చెప్పాడు. రేకుల మీద వాన హోరుకు ఏమీ వినపడలేదు. సంహిత మళ్ళీ చెప్పమంది. అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి గొంతెత్తి. సరిగ్గా అప్పుడే వాన ఆగింది. టీ తాగుతున్న రైతులు గ్లాసులు పట్టుకుని అటు తిరిగారు. హర్ష మొహం చెవులదాకా ఎర్రబడింది. మూడు రోజులకు సంహిత నవ్వింది.

గేటు దగ్గర జీపు ఎక్కిన నారాయణరావు కొడుకు కోసం చూసి, చూరు కింద ఉన్న ఇద్దరినీ చూశాడు.

"అబ్బాయిగారు రావాలండీ," అన్నాడు డ్రైవరు.

"వాడొస్తాడులే, పోనియ్," అన్నాడు నారాయణరావు. "వెంకటాచలపతి గారితో మాట్లాడాలి. గుడి దగ్గర నన్ను దించి, నువ్వు ఇంటికెళ్ళి అమ్మగారిని తీసుకురా."